బడికెళ్లే బామ్మలు, తాతలు

బ్రిటన్‌లోని బామ్మలు స్కైప్‌లో మన దేశపు పిల్లలకు కథలు చదివి వినిపించారు. ఆ ఆలోచన పుట్టింది హైదరాబాదు బస్తీ పిల్లల దగ్గరేనని తెలుసా? ఢిల్లీలో గోడకు కన్నం పెట్టి అందులో కంప్యూటర్ అమర్చిన సుగతా మిత్ర తర్వాత న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. ‘స్కైప్ ఉంటే ఏం చేస్తారర్రా?’ అని ఆయన హైదరాబాదు పిల్లల్ని అడిగారు. ఆటలూ సినిమాలూ అంటారనుకుంటాం కదా, వాళ్లు మాత్రం బ్రిటిష్ బామ్మల చేత కథలు చెప్పించుకుంటామన్నారు. ఈ సంగతి 2009లో గార్డియన్ పత్రికలో వచ్చింది. రిటైరైన టీచరమ్మలు ఎందరో ‘మేమున్నాం’ అంటూ ముందుకొచ్చారు. అదే ‘గ్రానీ క్లౌడ్’. పేరుకే బామ్మలు గానీ అందులో మగవాళ్లూ ఉన్నారు, నడివయసు వాళ్లూ ఉన్నారు.

పాఠం రాని మనిషి పాఠానికి సాయపడగలరా? పడగలరంటారు మిత్ర. తమిళ ప్రాంతంలోని కాళికుప్పంలో పిల్లలు ఇంగ్లిషులో ఉన్న బయోటెక్నాలజీని కంప్యూటర్ ముందు కూర్చుని వాళ్లంతట వాళ్లే కుస్తీపట్టి నేర్చుకున్నారు. పరీక్ష పెడితే 30 శాతం దాకా వచ్చింది. తర్వాత, ఆ సబ్జెక్టు బొత్తిగా తెలియని ఓ యువతిని వాళ్ల వెనక నిలబెట్టారు. ఆమె పనల్లా ‘అబ్బో, ఇదెలా చేశావ్?’ అంటూ ఆశ్చర్యపోవడమే. మార్కులు 50 శాతానికి చేరాయి. మిత్ర దీన్ని బామ్మ పద్ధతి అన్నారు. ఆయన ప్రయోగాల మీద విద్యావేత్తలకు అభ్యంతరాలున్నాయి, ఉండవలసినవే. పద్ధతి మాత్రం మన అమ్మమ్మలకు కొత్తేమీ కాదు.

ఫ్రాన్స్‌లో 1999లో రచయిత అలెగ్జాండర్ జార్డాన్ చొరవతో మొదలైన పఠన ఉద్యమంలో కార్యకర్త కావాలంటే 50 దాటి ఉండాలి. పాఠాలు చెప్పకూడదు, పరీక్షలు పెట్టకూడదు. కొద్దిమంది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పుస్తకం చదివి వినిపించాలి, అంతే.

అమెరికా ప్రభుత్వం 1965లోనే ‘ఫాస్టర్ గ్రాండ్‌పేరెంట్స్’ పథకం పెట్టింది. రాబడి తక్కువున్న వృద్ధులు అండ అవసరమైన పిల్లలకు తోడుంటారు. వాళ్ల చేతికి కొంత భత్యం వస్తుంది. సేవకు డబ్బేమిటని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. బస్సు ఛార్జీకి వెతుక్కునే పెద్దాయనకు ఆ డబ్బే లేకపోతే సేవ చేసే వీలే ఉండదు.

అన్నిటికంటే చిత్రమైనది, అమెరికాలోనే పుట్టిన ‘ఎక్స్‌పీరియన్స్ కోర్’. చూడటానికి బడి పథకమే, లోపల మాత్రం వైద్య ప్రయోగం! దాని వెనకున్న వాళ్లలో లిండా ఫ్రీడ్ వృద్ధుల వైద్యురాలు. నడవండి, నలుగురితో కలవండి, మెదడుకు పని పెట్టండి అని వైద్యులు ఎంత చెప్పినా పెద్దవాళ్లు నాలుగు రోజులు చేసి మానేస్తారు. అదే ‘బళ్లో ఆ పిల్ల నా కోసం ఎదురుచూస్తుంటుంది’ అనుకుంటే మోకాళ్లు నొప్పిగా ఉన్నా బయల్దేరతారు. పథకం కిటుకంతా ఇదే. 1990ల నడుమ అయిదు నగరాల్లో మొదలైంది. బాల్టిమోర్‌లో 60 దాటినవాళ్లు వారానికి 15 గంటలు, ఒక్కో బడిలో పదిహేను ఇరవై మంది జట్టుగా, మూడో తరగతి దాకా చదివే పిల్లలతో పనిచేశారు. ఒక్కరినే పంపితే ఆ మనిషి బెంచీ మీద కూర్చుని ఇంటికొచ్చేస్తాడు. జట్టుగా వెళ్తే ఒకరు రాకపోయినా మిగతావాళ్లు ‘ఏమైంది?’ అని ఆరా తీస్తారు.

అక్కడ 702 మందిని చీటీలు వేసినట్టుగా రెండు వర్గాలు చేశారు. కొందరిని బడికి పంపారు, మిగతావాళ్లను పంపలేదు. రెండు వర్గాల్లోనూ కొందరి మెదళ్లకు రెండేళ్ల పాటు స్కానింగులు తీశారు. వయసు పెరిగే కొద్దీ కుంచించుకుపోయే జ్ఞాపకశక్తి భాగం, బడికెళ్లిన మగవాళ్లలో తగ్గకపోగా కాస్త పెరిగింది. కానీ ఇలాంటి పనులకు మగవాళ్లను రప్పించడమే కష్టం. బాల్టిమోర్‌లోనూ ఎక్కువమంది ఆడవాళ్లే.

మరి పిల్లలకేం ఒరిగింది? బోస్టన్, న్యూయార్క్, పోర్ట్ ఆర్థర్‌లలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు ఈ పథకాన్ని పరిశీలించారు. కొత్త పదాన్ని కూడబలుక్కుని చదవడంలో, చదివింది అర్థం చేసుకోవడంలో ఈ తాతల, బామ్మల దగ్గర చదివిన పిల్లలు మిగతావాళ్ల కంటే 60 శాతానికి పైగా ఎక్కువ ముందుకెళ్లారు.

టోక్యో పరిశోధకులు 2004లో ఇదే ఆలోచనను బొమ్మల కథల పుస్తకాలకు అన్వయించారు. వృద్ధులకు ముందు నెలల తరబడి శిక్షణ. పుస్తకం ఎలా ఎంచుకోవాలి, ఎలా పట్టుకోవాలి, ఎక్కడ ఆగాలి అన్నవి నేర్పి, ఆ తర్వాతే బడికి పంపారు. ఇక్కడా మెదడు అరుగుదల తగ్గిందన్నారు. కాకపోతే వీళ్లు చీటీతో వచ్చినవాళ్లు కాదు, ఇష్టపడి వచ్చినవాళ్లు. కాబట్టి ఆ లెక్కను కాస్త ఆచితూచి నమ్మాలి.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ‘విద్యాంజలి’ కింద రిటైరైన ఉపాధ్యాయులు, ఉద్యోగులు పేరు నమోదు చేసుకుని సర్కారు బడిలో పాఠం చెప్పవచ్చు.

అదే ఏడాది మహిళా దినోత్సవం నాడు మహారాష్ట్రలోని ఫాంగణే గ్రామంలో ‘ఆజీబాయిచీ శాళా’, అంటే బామ్మల బడి, తెరుచుకుంది. అక్కడ వ్యవహారం పూర్తిగా తిరగబడింది. గులాబీ రంగు చీర యూనిఫాంగా కట్టుకుని, సంచీలో పలక పెట్టుకుని మధ్యాహ్నం పూట బడికొచ్చేది బామ్మలే. ఇంట్లో వాళ్ల హోంవర్కుకు సాయం చేసేది మనవలూ మనవరాళ్లూ.