కారు వెనుక టక్‌టక్ శబ్దమా? ఇంట్లోనే ఆర్మ్‌లు మార్చేముందు ఇవి తెలుసుకోండి

శామీర్‌పేటలో రాజీవ్ రహదారి దిగి కాలనీ రోడ్డెక్కగానే, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు వెనుక నుంచి టక్‌మని వినిపిస్తోందా? కంట్రోల్ ఆర్మ్‌ల చివర ఉండే రబ్బరు బుష్‌లు అరిగి ఉండొచ్చు. వీడియో చూసి ఇంట్లోనే మార్చేద్దామనుకుంటే ముందు మీ కారుకు అవి ఉన్నాయో లేదో చూసుకోండి. స్విఫ్ట్ లాంటి చిన్న కార్లకు వెనుక టోర్షన్ బీమ్ ఒక్కటే ఉంటుంది. ఎక్స్‌యూవీ700 లాంటి వాటికే ఈ ఆర్మ్‌లు. ఇన్నోవా క్రిస్టాలో అయితే లింకులంటారు.

అసలు ప్రమాదం జాకీతోనే. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాన్ని నమ్మి కిందికి దూరితే ప్రాణాల మీదికొస్తుంది. గట్టి సిమెంటు నేల, ముందు చక్రాలకు అడ్డు, బాడీ కింద రెండు జాక్ స్టాండ్‌లు తప్పనిసరి. ఇటుకలు పేర్చి నెట్టుకొద్దామంటే కుదరదు. కొన్ని మోడళ్లలో స్ప్రింగ్ కింది ఆర్మ్ మీదే కూర్చుంటుంది. బోల్టు విప్పగానే ఎగిరి తన్నొచ్చు. ఆ పని మెకానిక్‌కే వదిలేయడం మేలు.

చాలామంది తప్పు చేసేది చివర్లో. చక్రం గాల్లో వేలాడుతుండగానే బోల్టులు ఫుల్‌గా బిగించేస్తారు. కారు దించగానే బుష్ రబ్బరు మెలిపడుతుంది, కొత్తదైనా త్వరగా చిరుగుతుంది. అందుకే ముందు వదులుగా ఎక్కించాలి. తర్వాత కారు నేల మీద నిలబడినప్పుడు ఉండే ఎత్తుకు సస్పెన్షన్‌ను జాకీతో లేపి, సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించాలి. అలైన్‌మెంట్ బోల్టు ఉంటే విప్పేముందే మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు అలైన్‌మెంట్ సెంటర్ దాకా వెళ్లడానికే పనికొస్తుంది. అక్కడ సరిచేయించాకే ఓఆర్ఆర్ ఎక్కండి.