పెరటిలో వసంతం

ఫాల్గుణం సగం గడిచిందో లేదో, మన ఉక్కునగరంలో గాలి వాసన మారుతుంది. వీధి పొడవునా వేపచెట్లు పాతాకు రాల్చి, రాగిరంగు లేతాకు తొడుగుతాయి. రాత్రి షిఫ్టు ముగించుకుని తెల్లవారాక క్వార్టరుకు చేరే ఉద్యోగికి ఈ మార్పు అందరికన్నా ముందుగా తెలుస్తుందని నా నమ్మకం. వెయ్యి డిగ్రీల వేడిమిలో బొగ్గు కోక్‌గా మారే బ్యాటరీల దగ్గర ఎనిమిది గంటలు గడిపి వచ్చినవాడికి, పెరటి తలుపు తీయగానే ఎదురొచ్చే మామిడిపూత పరిమళం ఎంతటి సేదతీరుస్తుందో చెప్పడం నా శక్తికి మించిన పని. అయినా ఈ ఏడు ప్రయత్నించాలనిపించింది. జూన్ నెలాఖరున నేను పదవీ విరమణ చేస్తున్నాను. ఆ పెరటిలో మాకిది చివరి వసంతం.

పెరడంటే పాఠకులు పెద్ద తోటను ఊహించుకోనక్కరలేదు. కింది అంతస్తు క్వార్టరు వెనుక, ప్రహరీకీ వంటగది గుమ్మానికీ నడుమ, సెంటున్నరకు మించని ఎర్రనేల అది. 1998లో మేము అందులో చేరిన నాటికి కంకర, విరిగిన ఇటుకలు, ఏపుగా పెరిగిన వయ్యారిభామ మొక్కలు తప్ప మరేమీ లేవు. నేనూ నా భార్యా నెలరోజులు రాళ్లు ఏరి, ఒక సువర్ణరేఖ మామిడి అంటు, ఒక వేపమొక్క నాటాము. సువర్ణరేఖ మన విశాఖ ప్రాంతపు సొత్తు. బంగినపల్లి కన్నా ముందుగా కాపుకు వస్తుంది. పండిన కాయకు ఒక బుగ్గ ఎర్రబారుతుంది గనుక కాబోలు, ఈ వైపువారు దానిని సుందరి అని కూడా ముద్దుగా పిలుస్తారు. మునగ, అరటి, బొప్పాయి, కరివేప, గోడవారన మల్లెపొద తరువాత ఒకటొకటిగా వచ్చి చేరాయి. దాచడమెందుకు, తొలి ఏడెనిమిదేళ్లూ ఆ పెరడు మాకు కూరల ఖర్చు తగ్గించే జాగా మాత్రమే. మొక్కలకు నీళ్లు పోయడం నా దృష్టిలో షిఫ్టుల మీద అదనపు డ్యూటీ.

2006లో నాన్నగారు కాలం చేశాక, అమ్మ శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరు విడిచి మా దగ్గరకు వచ్చింది. వెంట తెచ్చుకున్నవి రెండు చేతిసంచులు, ఒక ఇత్తడి చెంబులో మట్టితో సహా తీసిన తులసి మొక్క. మొదటి వారం వంటగది గుమ్మంలో కూర్చుని ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఎనిమిదవనాడో తొమ్మిదవనాడో నేను రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి, చెంగు నడుముకు బిగించి మామిడిపాదులో గడ్డి పీకుతూ కనిపించింది. "చెట్టు మొదట్లో ఇంత గడ్డి పెట్టుకుని నిద్రెలా పడుతోందిరా బాబూ?" అంది. నాన్నగారు పోయాక ఆమె నన్ను మందలించడం అదే మొదలు. మా ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చింది. ఆనాటి నుంచి పెరడు ఆమెది.

మొక్కలకు స్పందన ఉంటుందని జగదీశ్ చంద్రబోస్ పరికరాలు పెట్టి నిరూపించిన సంగతి అమ్మకు తెలియదు. సంధ్యవేళ దాటితే మాత్రం ఆకు తుంచనిచ్చేది కాదు. చెట్టు నిద్రపోతుందనేది. కరివేప రెమ్మ కోసే ముందు కొమ్మను ఒకసారి చేత్తో నిమిరేది. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. మనుమడు ఆ నిమరడం నేర్చుకున్నాక నవ్వడం మానేశాను.

మల్లె విషయంలో ఆమె చేసిన పని మమ్మల్ని హడలగొట్టింది. మాఘమాసం వస్తూనే పొదకు నీళ్లు ఆపించింది. పది పదిహేను రోజులకు ఆకులు వాడుముఖం పడితే, మిగిలిన ఆకంతా దూసి, కొమ్మల కొసలు కత్తిరించి పారవేసింది. గోడవారన ఎండుపుల్లల మోపు ఒకటి మిగిలింది. "నిక్షేపంలాంటి మొక్కను చంపేశారేమో అత్తయ్యా" అని నా భార్య భయపడుతూనే అడిగింది. "చూస్తూ ఉండమ్మాయ్" అన్నది తప్ప ఆమె మరి మాట్లాడలేదు. తరువాత పాదు తవ్వి, పశువుల ఎరువు వేసి, నిండా నీళ్లు పెట్టింది. కొద్ది వారాలలో కణుపు కణుపునా పచ్చని చిగురు పొటమరించింది. చైత్రం వచ్చేసరికి ప్రతి చిగురు కొసనా మొగ్గలే. మల్లె సాగుచేసే రైతులందరూ ఏటా చేసే పనే అది అని నాకు తరువాత తెలిసింది. అంతకుముందు మా పొద ఏడాది పొడవునా పచ్చగా ఉండేది గాని, పట్టుమని పది పూలు పూసిన పాపాన పోలేదు.

మొగ్గలను ఎండ తగ్గుతున్న వేళ, ఇంకా విచ్చకముందే కోయాలి. చీకటి పడ్డాక గిన్నెలో వాటంతట అవే విచ్చుకుంటుంటే ఇల్లంతా ఘుమఘుమలాడేది. అందులో సగం పై అంతస్తులోని ఒడియా కుటుంబానికీ, ఎదురింటి బెంగాలీ కుటుంబానికీ వెళ్లేది. టౌన్‌షిప్ జీవితంలోని భాగ్యమిది. నాలుగు గడపలు దాటితే భారతదేశం సగం తిరిగివచ్చినట్లే. ఎదురింటి పెద్దావిడకు తెలుగు రాదు, అమ్మకు బెంగాలీ రాదు. అయినా మా వేప చిగురించగానే ఆవిడ చిన్న గిన్నె పట్టుకుని వచ్చేవారు. వారి ఇళ్లలో వసంతకాలంలో లేత వేపాకును వంకాయ ముక్కలతో కలిపి వేయించుకుని, భోజనంలో మొదటి ముద్దగా తింటారు. మనకు వేపపూత, వారికి వేపాకు. ఋతువు మారేటప్పుడు నాలుకకు కాస్త చేదు తగలాలన్న సంగతి ఇద్దరికీ ఎవరూ నేర్పకుండానే తెలుసు.

ఘంటసాల వారు గానం చేసిన కరుణశ్రీ పుష్పవిలాపం అంటే నా భార్యకు ప్రాణం. పూలబాధ విన్నాక ఆమెకు చాలాకాలం దేవుడికి పూలు కోయడానికి చెయ్యి వచ్చేది కాదు. ఒకనాడు ఆ సంగతి అత్తగారితో చెప్పుకుంది. అమ్మ కాసేపు ఆలోచించి, "దేవుడికి ఒక్కటి చాలు. మిగిలినవి చెట్టుకే ఉంచు. అక్కడా ఆయనే చూస్తాడు" అన్నది. ఆ తరువాత మా పూజలో ఒక్క మందారమే ఉండేది. పారిజాతం మాత్రం నేలరాలినవే పూజకు శ్రేష్ఠమని పెద్దల మాట. మా పెరటిలో ఆ చెట్టు లేకపోవడం నాకొక కొరత.

మన టౌన్‌షిప్ గుడిలో ఒకసారి గీతా ప్రవచనం విని వచ్చి, అమ్మతో ఒక సందేహం చెప్పాను. పదవ అధ్యాయమైన విభూతి యోగంలో శ్రీకృష్ణుడు మాసాలలో తాను మార్గశీర్షమని, ఋతువులలో పూలకు నెలవైన వసంతమని అర్జునునితో అంటాడు. చలిలో వణికించే నెలా తానే, పూలు పూయించే ఋతువూ తానే అనడంలో పొంతన ఏమిటన్నది నా ప్రశ్న. అమ్మ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే, "మల్లెకు ఆకు దూసిందీ, మొగ్గ తొడిగిందీ ఒక్క చెయ్యే కదా బాబూ" అని ఊరుకుంది. ప్రవచనకారులు పండితులే, వారి మాటా విన్నాను. నాకు నిలిచింది ఇది.

మామిడి దగ్గర మరొక పాఠం. పూతకాలంలో చెట్టంతా గుత్తులే. ఒక్కొక్క గుత్తిలో వందల పూలు. వాటిలో నూటికి ఒకటి కూడా కాయగా నిలవదు. మంచుకు కొంత మాడుతుంది, గాలికి కొంత రాలుతుంది, తేనెమంచు పురుగు కొంత పీల్చేస్తుంది. రోజూ తెల్లవారి కిందపడిన పూతను, ఆవగింజంత పిందెలను చూసి నేను దిగులుపడేవాణ్ణి. మా విభాగంలో నూటికి ఒకటి దక్కే లెక్క ఏదైనా రాస్తే పై అధికారి ఏమంటారో నాకు తెలుసు! "పూసినదంతా కాయైతే కొమ్మ మిగలదు" అనేది అమ్మ.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడిన ఆ రోజును ఇక్కడివారికి గుర్తుచేయనవసరం లేదు. గంటకు నూట ఎనభై కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి మా మునగ మొదటికంటా విరిగింది. అరటి, బొప్పాయి నేలమట్టమయ్యాయి. వేపచెట్టు నిలిచింది గాని, దాని మీద ఒక్క ఆకు మిగలలేదు. సువర్ణరేఖ సగం వేళ్లు పైకి తేలి, వంటగది గోడ మీదకు ఒరిగింది. మరునాడు బయటకు వచ్చి చూస్తే ఊరంతా అగ్గిపెట్టి కాల్చినట్లు మోడులే. కరెంటు లేని ఆ రోజులలో, చెట్లు నరికేవారు రంపాలతో వీధి వీధి తిరుగుతుంటే, నేనే ఒకతన్ని పిలిచి మామిడిని తీసివేయమన్నాను. గోడ కూలుతుందేమోనన్నది నా భయం. అది అన్యాయమైన భయమని నేటికీ అనుకోను.

అమ్మ చెట్టుకు అడ్డంగా నిలబడలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, పైభారం తగ్గేలా కొమ్మలు మాత్రం నరకమన్నది. పడిన వేపకొమ్మలలో గట్టిది ఒకటి ఏరి ఊతగా నిలబెట్టించింది. పైకి తేలిన వేళ్ల మీద తట్టలతో మట్టి కప్పింది. అప్పటికామెకు డెబ్బై దాటాయి. నేనూ చేయి కలిపాను. కలపకుండా ఎలా ఉంటాను? నెల తిరిగేసరికి వేప మోడు మీద ఎర్రని చిగుళ్లు వచ్చాయి. మామిడి మాత్రం చలికాలమంతా ఉలకలేదు, పలకలేదు. ఆ ఏడు పూయలేదు కూడా.

2015 మార్చి 21న మన్మథ నామ సంవత్సర ఉగాది. ముందురోజు సాయంత్రం పచ్చడికి వేపపూత ఎక్కడ దొరుకుతుందని నేను, నా భార్య మాట్లాడుకుంటున్నాం. మా చెట్టు ఆకు తొడుక్కోవడానికే శక్తినంతా ధారపోసింది. పూత ఉంటుందన్న ఆశ మాకు లేదు. తెల్లవారి నేను లేచేసరికి అమ్మ పెరటిలో పీట వేసుకుని నిలబడి ఉంది. వేపచెట్టు తూర్పుకొమ్మ చివర ఒకే ఒక చోట, తెల్లగా, గుప్పెడు పూత. దానిలోనూ సగమే కోసింది. కొత్త బెల్లం, కొత్త చింతపండు, ఉప్పు, కారం, అంగడిలో కొన్న మామిడికాయ కలిపి చేసిన ఆ పచ్చడిలో చేదు నిజానికి నాలుకకు అందనంత తక్కువ. చేతిలో వేసుకున్న పచ్చడిని చూస్తూ అందరం కొంతసేపు మౌనంగా ఉండిపోయాము. గుడిలో నాకు ఎన్నడూ కుదరని ధ్యానం ఆ వంటగదిలో కుదిరింది. అప్పుడే వంటగది గోడ అవతల, మామిడి మోడు కణుపు దగ్గర వంకాయరంగు చిగురు కనబడిందని మా అబ్బాయి అరిచాడు.

సువర్ణరేఖ మళ్లీ పూర్వపు నిండుదనానికి రావడానికి మూడేళ్లు పట్టింది. దాని పైకొమ్మలో కాకులు గూడు పెట్టాయి. వసంతం కాగానే మగకోకిల గొంతెత్తడం, ఆడకోకిల అదను చూసి కాకిగూటిలో గుడ్డు పెట్టి పోవడం మాకు ఏటేటా కనుల పండుగ. అందరూ కోకిల పాటను మెచ్చుకుంటే, అమ్మ మాత్రం అన్నం ముద్ద గోడ మీద కాకికి పెట్టేది. "పాడేదానికి పేరు వచ్చింది. తనది కాని బిడ్డకు నోట్లో మేత పెట్టే తల్లి ఇది" అనేది.

2019 మాఘంలో, మల్లెకు నీళ్లు ఆపిన వారానికి, అమ్మ వెళ్లిపోయింది. పన్నెండు రోజుల హడావిడిలో పెరటి సంగతి ఎవరికీ గుర్తులేదు. చుట్టాలందరూ వెళ్లాక చూస్తే మల్లె ఆకులన్నీ వాడి ఉన్నాయి. నా భార్య ఏమీ అనకుండా పొద దగ్గర కూర్చుని ఆకు దూయడం మొదలుపెట్టింది. ఆ వసంతంలో పొద విరగబూసింది. ఆ పూలను ఎవరి జడలోనూ పెట్టుకోలేకపోయాము. అన్నీ ఇరుగుపొరుగులకు పంచాము.

ఇప్పుడు మా వంతు. ఈ ఏటి కాయ మాకు దక్కుతుంది, వచ్చే ఏటి పూత మాది కాదు. మేము వెళ్లబోయేది అపార్టుమెంటులో మూడవ అంతస్తు. మల్లె అంట్లు రెండు కుండీలలో కట్టాము, తులసి సరేసరి. మామిడిని, వేపను తీసుకుపోలేము గదా! మొన్నటివరకు నాకు ఇందులో కొంత కష్టంగానే ఉండేది. రేపు రాబోయే ఉద్యోగి ఆ ఊతకర్ర చూసి చెట్టు అడ్డమని కొట్టించవచ్చు, కారు పెట్టుకోవడానికి నేలంతా సిమెంటు చేయించవచ్చు. అది వారి ఇష్టం. ఒక రాత్రి డ్యూటీలో ఈ ఆలోచనలతోనే ఉండి, ఇంటికి వచ్చి చూస్తే, గోడ మీద కాకి ముద్ద కోసం ఎదురుచూస్తోంది. అన్నం పెట్టి, మా అబ్బాయి పాత నోటుపుస్తకం ఒకటి వెదికి రాయడం మొదలుపెట్టాను.

ఆ పుస్తకం ఇప్పుడు వంటగది తలుపు వెనుక మేకుకు వేలాడుతోంది. మల్లెకు మాఘంలో నీళ్లు ఆపాలని, ఎండిపోయిందనుకుని పీకవద్దని రాశాను. మామిడి ఊతకర్ర తీయవద్దని, పూత మీద జిగురు కనిపిస్తే తేనెమంచు పురుగు చేరినట్లని, వేపగింజల కషాయం చల్లాలని రాశాను. చిగురుల కాలంలో ఎదురింటివారు గిన్నెతో వస్తారని, గోడ మీది మట్టిమూకుడు పక్షుల నీళ్లదని కూడా రాశాను. ఇంకేమైనా మరిచానా అని నా భార్యకు చూపిస్తే, ఆమె కలం తీసుకుని చివరి పేజీలో తన దస్తూరీతో ఒక్క వాక్యం చేర్చింది: "ఉగాదికి వేపపూత తూర్పుకొమ్మది కోసుకోండి, పీట వేసుకుంటే అందుతుంది."