తల్లికి చెప్పని పరీక్ష

1951లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రిలో ఒక పసిపిల్ల ఉండేది. రెండేళ్లొచ్చినా నిలబడదు, తిండి మీద ధ్యాస లేదు. ఎప్పుడూ ఏడుపు, తల బాదుకోవడం. జబ్బు ఫినైల్‌కీటోన్యూరియా అని డాక్టర్ హార్స్ట్ బికెల్ తేల్చాడు. వైద్యం లేదన్నాడు. తల్లి ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే ప్రయోగశాల దగ్గర నిలబడి, దారి చూపమని పట్టుబట్టింది.

పాలు, పప్పు, మాంసం అన్నిట్లో ఉండే మాంసకృత్తుల్లో ఫినైల్‌అలనిన్ అనే పదార్థముంటుంది. దాన్ని మార్చే ఎంజైము ఈ పిల్లల కాలేయంలో సరిగా పనిచేయదు. అది నెత్తురులో పేరుకుపోయి ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే జబ్బొస్తుంది. ఇందులో పూర్వజన్మ కర్మ ఏమీ లేదు.

డాక్టర్లు పాల మాంసకృత్తును విడగొట్టి, బొగ్గు సాయంతో ఆ పదార్థాన్ని తీసేసి ఆహారం తయారుచేశారు. మొత్తం తీసేస్తే పిల్ల చిక్కిపోయింది. ఒంటికి అది కొంచెం కావాలి గనక కాసిని పాలు కలిపారు. కొన్ని నెలల్లో పిల్ల పాకింది, నిలబడింది, కుర్చీలెక్కింది.

ఇది ఆహారం మహిమేనా, వయసుతో వచ్చిన మార్పా? తేల్చుకోడానికి తల్లికి చెప్పకుండా రోజుకు 5 గ్రాముల ఫినైల్‌అలనిన్ కలిపారు. గంటల్లోనే పిల్ల మళ్లీ ఏడుస్తూ తల బాదుకుంది. ఒక రోజు గడిచేసరికి నిలబడలేకపోయింది. దాన్ని కనిపెట్టింది తల్లే. తర్వాత ఆసుపత్రిలో మళ్లీ పరీక్షించి నిర్ధారించుకున్నారు. 1953లో ‘లాన్సెట్’లో ప్రచురించారు.

ఈ పథ్యం తర్వాత ఎందరో పిల్లల మెదళ్లను కాపాడింది. దాన్ని కాదనలేం. కాని వైద్యం కోసం పోరింది తల్లి, మార్పును చూసింది తల్లి. బిడ్డకేం పెడుతున్నారో తెలియనిది కూడా ఆమెకే.

ఇది పాత ముచ్చట కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లల మీద గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం జరిగింది. వాళ్లలో ఎక్కువమంది ఆదివాసీ పిల్లలు. చాలామంది విషయంలో అమ్మానాన్నలకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రభుత్వం దాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటరీ కమిటీ తప్పుపట్టింది. జబ్బు వేరు, టీకా వేరు. అడగాల్సిన మనిషిని అడక్కపోవడం ఒక్కటే.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఫినైల్‌కీటోన్యూరియా కూడా ఉంది. కాని మన దగ్గర పుట్టిన ప్రతి బిడ్డకూ మడమ నుంచి నెత్తుటి చుక్క తీసి పరీక్షించడం లేదు. కూలికెళ్లే తల్లికి జబ్బు పేరు తెలిసేసరికే ఆలస్యమవుతుంది. రేపు కొత్త మందు పరీక్షకొస్తే ఆమెకు ఆమె భాషలో చెప్పాలి. వద్దనే హక్కుండాలి. మందు నెగ్గితే అది ఆ బిడ్డకూ అందాలి.