కీలు: నిర్మాణము, భేదములు

రోలు, తలుపు బందు, కుంకుమ బరిణె. మా గురువుగారు కీళ్ళ పాఠమునకు గ్రంథము విప్పకముందు ఈ మూడింటిని మా యెదుట నుంచెడివారు.

ఎముకలు కలియు చోటు సంధి. సుశ్రుతాచార్యుడు శారీరస్థానమున సంధులను 210గా లెక్కించెను: కాలుసేతులలో 68, మొండెమున 59, మెడ మొదలు పైభాగమున 83. నేటి శాస్త్రపు లెక్క వేరు. ఆయన దంతములను, మృదులాస్థులను కూడ ఎముకలలో చేర్చి 300గా గణించెను. నేడు ఎముకలు 206 అనుచున్నారు. లెక్క యెట్లున్నను విభజన గమనింపదగినది.

కదలునవి, కదలనివి అని సంధులు రెండు విధములు, ఆకృతినిబట్టి ఎనిమిది. వ్రేళ్ళు, మణికట్టు, మోచేయి, మోకాలు, చీలమండలలోనివి కోర సంధులు. వీటిలో మోచేయి అచ్చముగా తలుపు బందే. (పసిబిడ్డను ఒక చేయి పట్టి పైకెత్తినచో అక్కడి యెముక జారవచ్చును, ఎత్తరాదు.) భుజము, తుంటి ఉలూఖల సంధులు, అనగా రోళ్ళు. తుంటిరోలు లోతైనది గనుక బరువు మోయును. భుజపు రోలు లోతు తక్కువ. అందుచే చేయి అన్ని దిక్కుల తిరుగును, సులభముగా తప్పును కూడ. పుఱ్ఱె యెముకలు బొంతకుట్టువలె అతుకుకొన్నవి తున్నసేవనులు. దవడది కాకిముక్కు పోలిక గల వాయసతుండము. బరిణె వంటి సముద్గము కటిభాగమున, ప్రతరము మెడ, వెన్ను పూసలయందు ఉన్నవి. మిగిలిన రెండు, మండల శంఖావర్తములు, విద్యార్థులకు విడుతము.

కదలెడి కీలులో ఎముకల కొనలకు నున్నని మృదులాస్థి పొర యుండును. దానికి రక్తనాళములు లేవు. చుట్టునున్న తిత్తిలోని జిగురు ద్రవమే దానికి ఆహారము. ఆయుర్వేదము శ్లేషక కఫమని చెప్పునది ఈ కందెననే. ఆరోగ్యవంతుని మోకాలిలో ఇది కొద్ది మిల్లీలీటర్లు మాత్రమే. కీలు కదలినప్పుడే ఈ ద్రవము పొరలోనికి ఇంకును. కావున మోకాలు నొచ్చుచున్నదని నడక పూర్తిగా మానుట తగదు.

ఇక ఇండ్లలో తరచుగా జరుగు పొరపాటు. కీలు నొచ్చినంతనే నూనె మర్దన! వయసుచే అరిగిన కీలు సంధిగత వాతము. దానికి గోరువెచ్చని నువ్వులనూనె హితమే. ఆమవాతము వేరు. వ్రేళ్ళు, మణికట్లు రెండు ప్రక్కల వాచి, ఉదయమున గంటకుపైగా బిగిసియుండును, ఆకలి మందగించును. అప్పుడు నూనె పనికిరాదు, ఇసుకమూట కాపడమే తగును. ఒక యిల్లాలికి అత్తగారు ప్రేమతో రెండు నెలలు నూనె రాచి, వాపు హెచ్చిన పిమ్మట నా వద్దకు తెచ్చినారు. తప్పు నూనెది మాత్రమే కాదు. ఆ రెండు నెలల కాలము పోయినది. ఈ వ్యాధిలో ఆరంభముననే రక్తపరీక్షలు చేయించి, కీళ్ళ వైద్యుని చూచినచో వ్రేళ్ళు వంకరపోకుండ చాలవరకు కాపాడవచ్చును. నేనును ఆమెను అటులనే పంపితిని.

జ్వరముతో ఒక్క కీలే ఎఱ్ఱగా వాచి, వేడెక్కి, కదల్పరానిదైనచో కాపడము కూడ పెట్టవలదు. అది చీము పట్టిన కీలు కావచ్చును. ఆనాడే ఆసుపత్రికి చేర్చవలెను.