బిడ్డల మలబద్ధము: పెరటిమందులు, వైద్యుని మందులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతుకుటుంబములలో బిడ్డకు రెండు దినములు విరేచనము కాకున్నచో మొదట వెదకునది ఆముదపు గిన్నెను; పిదప తమలపాకు తొడిమను. పెరటిమందులన్నియు వ్యర్థములని మేము చెప్పము. అన్నియు క్షేమకరములనియు చెప్పజాలము. వీనిలో నేది యుంచుకొనదగినది, ఏది విడువదగినది, ఎప్పుడు వైద్యుని చూడవలెను అను సంగతులను సభ్యులకు దెలుపుటయే యీ వ్యాసము నుద్దేశము.

ఏది మలబద్ధము?

తల్లిపాలు మాత్రమే త్రాగు శిశువునకు, పుట్టిన కొన్ని వారముల పిదప, పలుదినములు విరేచనము కాకపోవచ్చును. మలము మెత్తగా నుండి, బిడ్డ చక్కగా పాలు త్రాగి బరువు పెరుగుచున్నచో నది వ్యాధి కాదు. పెద్దబిడ్డ వారమునకు రెండుసార్లో, అంతకు తక్కువయో, గట్టిమలమును నొప్పితో విసర్జించుచు నెలదినములు గడిపినచో నది మలబద్ధము.

దీనికి కారణము పెక్కుమందిలో ప్రేగు జబ్బు గాదు, భయము. ఒకసారి నొప్పి కలుగగా బిడ్డ మలము నాపుకొనును. ఆపుకొన్నకొలది పెద్దప్రేగు అందలి నీటిని పీల్చును, మలము మరింత గట్టిపడును, నొప్పి హెచ్చును. మూలనిలిచి కాళ్లు బిగించు బిడ్డ ముక్కుచున్నాడని తలంతుము గాని, తఱచుగా వాడు ఆపుకొనుచున్నాడు. కొన్నాళ్లకు గట్టిమలము ప్రక్కగా పలుచనిమలము కారి బట్టల కంటును. దీనిని భేదులని తలచి కట్టుమందిచ్చుటయు, అశ్రద్ధయని బిడ్డను గొట్టుటయు రెండును తప్పే.

ఆహారము

మన సీమకు సంగటి ప్రధానాహారము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల రాగులలో పీచు సుమారు 11 గ్రాములు; తెల్లబియ్యములో సుమారు 3 గ్రాములు మాత్రమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినపిదప అన్నము ప్రతియింట సులభమయ్యెను, అది మేలే. కాని బిడ్డకంచములో సంగటియు, అనపగింజలును, ఆకుకూరలును, జామ, బొప్పాయి పండ్లును తగ్గరాదు. నీరును చాలినంత త్రాగింపవలెను. ఏడాది దాటిన బిడ్డకు దినమునకు అరలీటరునకు మించి పాలు పోసినచో ఆకలి చచ్చి, అన్నము, కూరలు మానును. పాడియున్న యిండ్లవారు దీనిని మరువరాదు.

పెరటిమందులు

ఆముదము పనిచేయుట నిజమే; అందలి రిసినోలియికామ్లము ప్రేగును కదలించును. కాని కడుపునొప్పియు గలిగించును. ఏడ్చు శిశువు ముక్కు మూసి నోట బోసినచో నూనె ఊపిరితిత్తులలోనికి బోయి ప్రాణాపాయకరమగు న్యుమోనియా తెచ్చును. కావున శిశువునకు ఆముదము పోయుట విడువవలెను. ఆముదపు గింజలో రిసినను విషము గలదు, బిడ్డల కందనీయరాదు. తొడిమను, సబ్బుముక్కను ఆసనమున జొనుపుటవలన చర్మము చీరి, నొప్పియు భయమును మరింత పెరుగును. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. అందుండి బొటులిజమను పక్షవాతము కలుగవచ్చును.

రేలగుజ్జు మృదువిరేచనమని చరకసంహితలో గలదు. సునాముఖిని నేటి వైద్యులును వాడుదురు. అయినను వీనిని తూకము దెలిసినవారే యీయవలెను. చిటికెలతో గొలిచి యిచ్చునవి గావు. నానబెట్టి మెదిపిన యెండుద్రాక్ష అన్నము తిను బిడ్డకు ఇంటనే పెట్టదగినది.

వైద్యుని మందులు

పాలియెథిలీన్ గ్లైకాలను పొడి ప్రధానమైనది. అది దొరకనిచోట లాక్టులోజను పాకము వాడుదురు. ఇవి మలములో నీరు నిలిపి మెత్తబఱచును. కాలువలో పూడిక తీసిన పిమ్మటగదా నీరు పారును? అట్లే కొన్నిదినములు హెచ్చుమోతాదుతో నిలిచిన మలమును వెడలించి, పిదప తక్కువమోతాదు చాలకాల మియ్యవలెను. ఐరోపా, ఉత్తర అమెరికా శిశువైద్యసంఘములు 2014లో ప్రకటించిన పద్ధతి ప్రకారము ఇది రెండునెలలకు తక్కువగాకూడదు. బాధలన్నియు తొలగి నెలగడిచిన పిదపనే క్రమముగా తగ్గింపవలెను. మొదటి మంచిదినముననే మందు మానుటవలననే జబ్బు తిరుగబెట్టును. ఇవి ప్రేగును బానిసగా జేయునను భయము నిరాధారము. మోతాదు బిడ్డ బరువునుబట్టి వైద్యుడే నిర్ణయింపవలెను.

మందుతోబాటు అలవాటును గావలెను. భోజనమైన పిమ్మట అయిదు పదినిమిషములు బిడ్డను తొందరపెట్టక మరుగుదొడ్డిలో గూర్చుండబెట్టవలెను. పాదములు నేలకు ఆనవలెను.

ఎప్పుడు జాగు చేయరాదు?

పుట్టిన రెండుదినములలోపల నల్లమలము వెడలకున్నను, కడుపుబ్బి పచ్చని వాంతులైనను, మలమున రక్తము పడినను, బిడ్డ పెరుగకున్నను, కాళ్లు బలహీనమైనను ఇంటిమందులు మాని వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. ప్రేగున నరముల కణములు లేకపోవుట, థైరాయిడు లోపము మొదలగు జబ్బులు ఇట్లు బయల్పడును. మూడు పట్టణములందును ప్రభుత్వాసుపత్రులు గలవు.

సభ్యులకు మా మనవి యొకటి. బడిమరుగుదొడ్డిలో నీరు లేకున్నచో బిడ్డలు దినమంతయు ఆపుకొందురు. మీ గ్రామపు బడిలో తలుపు, నీరు కలవో లేవో ఈ నెలలోనే చూచి, లోపమున్నచో సంఘసభలో ప్రస్తావింపుడు. దూడ పేడవేయకున్న నాడే పశువైద్యుని బిలుచు రైతు, నెలలుగా బాధపడు బిడ్డను ఉపేక్షించుట తగదుగదా!