కంప్యూటరు వేడిమి: ప్రాసెసరు, మదర్‌బోర్డు, గది

కంప్యూటరు లెక్కలు కట్టడానికి విద్యుత్తును వాడుకుంటుందని అందరికీ తెలుసు. ఆ విద్యుత్తు చివరికి ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది. సమాధానం సరళమైనది: అది దాదాపు అంతా వేడిగా మారుతుంది. నూరు వాట్ల ప్రాసెసరు ఒక విధంగా నూరు వాట్ల పొయ్యి కూడా. అయితే ఆ వేడి వెలువడేది బొటనవ్రేలి గోరంత సిలికాను బిళ్ళ నుండి. దానిని బయటకు పంపడమే శీతలీకరణం.

1978లో వచ్చిన ఇంటెల్ 8086లో 29 వేల ట్రాన్సిస్టర్లు ఉండేవి. దానికి పంకా అవసరమే లేదు. 1989లో వచ్చిన 486లో ఆ సంఖ్య 12 లక్షలకు చేరింది. వేగవంతమైన 486లకు అల్యూమినియం రెక్కల హీట్ సింక్ తోడయింది. 1993 నాటి తొలి పెంటియం 66 మెగాహెర్ట్జ్ వేగంతో, 5 వోల్టుల వద్ద పనిచేస్తూ గరిష్ఠంగా సుమారు 16 వాట్లు తీసుకునేది. మరుసటి సంవత్సరమే వచ్చిన 100 మెగాహెర్ట్జ్ పెంటియంకు సుమారు 10 వాట్లే చాలాయి. వేగం పెరిగినా వేడి తగ్గింది!

వోల్టేజి వర్గం

దీని రహస్యం ఒక చిన్న సూత్రంలో ఉంది. ట్రాన్సిస్టర్ల స్విచ్చింగు వల్ల పుట్టే వేడి వేగానికి అనులోమంగా పెరుగుతుంది. వోల్టేజికి మాత్రం దాని వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. రెండవ పెంటియం 3.3 వోల్టులతో పనిచేసింది. 5 వర్గం 25, 3.3 వర్గం సుమారు 11. వేగం ఒకటిన్నర రెట్లయినా, వోల్టేజి తగ్గుదల వల్ల మొత్తం వేడి మూడింట రెండు వంతులకు దిగింది.

ట్రాన్సిస్టరు చిన్నదయ్యేకొద్దీ వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గించవచ్చునని ఐ.బి.ఎం. పరిశోధకుడు రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు 1974లో వివరించారు. ఆ బాట సుమారు మూడు దశాబ్దాలు సాగింది. అటుపిమ్మట ట్రాన్సిస్టరు ఆగి ఉన్నప్పుడు సైతం కరెంటు కారిపోవడం ఎక్కువై, వోల్టేజిని ఇంకా తగ్గించడం కష్టమయింది. 2004 నాటి కొన్ని పెంటియం 4 ప్రాసెసర్లు 115 వాట్లకు చేరాయి. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో వేగాన్ని తగ్గించుకుని, రెండు కోర్లతో, 65 వాట్లలోనే ఎక్కువ పని చేసి చూపింది.

ఒకే బోర్డు, రెండు వేడులు

మదర్‌బోర్డు ఒకటే అయినా దానిలో అమర్చే ప్రాసెసరును బట్టి పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ఒకే సాకెట్‌లో ఇమిడే కోర్ ఐ3-13100 గరిష్ఠ పరిమితి 89 వాట్లు. కోర్ ఐ9-13900కె పరిమితి 253 వాట్లు.

ఈ భారం ప్రాసెసరుది మాత్రమే కాదు. ఎస్.ఎం.పి.ఎస్. ఇచ్చే 12 వోల్టులను మదర్‌బోర్డుపై గల వోల్టేజి నియంత్రకాలు సుమారు 1.2 వోల్టులకు దించుతాయి. 240 వాట్ల ప్రాసెసరుకు 1.2 వోల్టుల వద్ద 200 ఆంపియర్లు కావాలి. నియంత్రకాల సామర్థ్యం 90 శాతమనుకుంటే, దాదాపు 27 వాట్లు బోర్డు మీదనే వేడిగా మారతాయి. ఇది చిన్న సోల్డరింగ్ ఐరన్ తీసుకునేంత శక్తి. ప్రాసెసరుపై నుండి క్రిందికి వీచే పంకా గాలి ఈ నియంత్రకాలకూ తగులుతుంది. ద్రవ శీతలీకరణం అమర్చినప్పుడు ఆ గాలి ఉండదు. కనుక క్యాబినెట్‌లో వేరే పంకా తప్పనిసరి.

వేడి వల్ల కలిగే నష్టం రసాయనికం కూడా. పాతరకం అల్యూమినియం కెపాసిటర్లలోని ద్రవం క్రమంగా ఆవిరైపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుర్దాయం సగమవుతుందన్నది ఇంజనీర్ల స్థూల నియమం. మంచి బోర్డులలో నేడు ఘన పాలిమర్ కెపాసిటర్లు వాడడానికి ఇదొక కారణం.

స్వదేశానికి పంపే ముందు

విదేశాలలోని తెలుగు కుటుంబాలు తమ కంప్యూటరును ఊరిలోని తల్లిదండ్రులకు ఇవ్వడం పరిపాటి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పంకా ఏదైనా ప్రాసెసరును గది కంటే చల్లగా ఉంచలేదు. గది ఉష్ణోగ్రతే పునాది. 24 డిగ్రీల గదిలో 80 డిగ్రీల వద్ద నడిచే ప్రాసెసరు, మే నెలలో విజయవాడలో 40 డిగ్రీల గదిలో అదే పనికి 96 డిగ్రీలకు చేరుతుంది. 100 డిగ్రీల ప్రాంతంలో ప్రాసెసరు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఇంట్లోవారు మాత్రం వైరస్ అనుకుంటారు. ఆ అదనపు 16 డిగ్రీలు పాతరకం కెపాసిటర్ల ఆయుర్దాయాన్ని మూడోవంతుకు తగ్గించగలవు.

నివారణ ఖర్చుతో కూడినది కాదు. ఉత్తరాలు, ఫోటోలు, మనుమలతో వీడియో మాటలు — వీటికి 65 వాట్ల తరగతి ప్రాసెసరు ధారాళంగా సరిపోతుంది. పెద్ద ప్రాసెసరే ఉంటే, అనేక బోర్డులలో బయోస్ ద్వారా దాని వాట్ల పరిమితిని తగ్గించవచ్చు. వేగం కొద్దిగా, వేడి చాలా తగ్గుతుంది. కారణం మళ్ళీ ఆ వోల్టేజి వర్గమే. రెక్కల మధ్య దుమ్మును ఏటా, ఎండలు ముదరకముందే తొలగించాలి. ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది పూయాలి. రెండు లోహాల నడుమ మిగిలే పలుచని గాలిపొర రాగి కన్నా సుమారు 15 వేల రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. క్యాబినెట్‌ను గోడకు ఆనించకుండా జానెడు దూరం ఉంచాలి.

కంప్యూటరును ఎన్నుకునేటప్పుడు దాని వేగంతోపాటు, అది నడవబోయే గదిని కూడా లెక్కలోకి తీసుకోవడం విజ్ఞత.