కనిపించని కాలువల వెంట ఒక రోజు

విజయవాడ వారిని మీ ఊరి గురించి చెప్పమంటే ముందు కాలువల పేర్లు చెబుతారు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే పారుతాయి. అటు నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసుకునే యువకులకు మన నగరం కాలువల్లేని ఊరులా తోచడం సహజం. నిజానికి కాలువలు లేక కాదు, అవి కంటికి కనిపించక. ఒక సెలవు రోజు అలాంటి మిత్రులను వెంటబెట్టుకుని బయలుదేరండి. వారితో పాటు మనకూ కొత్త సంగతులు తెలుస్తాయి.

ఉదయం దుర్గం చెరువుకు వెళ్లాలి. 2020లో ప్రారంభమైన తీగల వంతెన మీద ఫోటోలు దిగాక, కింద ఉన్న నీటినీ ఒకసారి చూడండి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఈ చెరువు నుంచే వెళ్లేది. కోటలో ఆ నీటిని చక్రాలతో ఒక అంచె నుంచి మరో అంచెకు తోడి, మట్టి గొట్టాల గుండా పైకి ఎక్కించేవారు.

అక్కడి నుంచి హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు రండి. 1562లో హుస్సేన్ సాగర్‌ను కట్టించింది ఆయనే. మూసీ నుంచి కాలువ తవ్వి ఆ చెరువును నింపారు. ఆ పేరునే చూడండి. హుస్సేన్ అరబ్బీ మాట, సాగర్ సంస్కృతం నుంచి వచ్చినది. రెండూ ఒకే గట్టు మీద కలిసి ఉన్నాయి. భోజనాల దగ్గర మిత్రులకు తాలాబ్, నహర్, బావలీ అనే మాటలు చెప్పండి. వారి దగ్గర తూము, లాకు, పంట కాలువ అనే మాటలు అడిగి తెలుసుకోండి. మన 'మాసాబ్ ట్యాంక్' ఒకప్పటి 'మా సాహెబా తాలాబ్' అని చెబితే ఆశ్చర్యపోతారు.

మధ్యాహ్నం మణికొండ, నార్సింగి వైపు వెళ్లండి. 1908 నాటి మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఆ గండిపేట నీరు ఆసిఫ్‌నగర్ వరకు పైకప్పు ఉన్న కాలువలో, పంపులు లేకుండా, నేల వాలును పట్టుకుని వెళ్లేలా ఆనాటి ఇంజనీర్లు ఏర్పాటు చేశారు. దాని పక్క నుంచే రోజూ వెళ్లేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

సాయంత్రం కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరి బడీ బావలీ చూడాలి. 2013 వానలకు కొంత కూలిన ఈ మెట్ల బావిని మళ్లీ నిలబెట్టారు. గోల్కొండ మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది. చెడిపోయినదాన్ని బాగుచేయవచ్చని ఆ రాళ్లే చెబుతాయి.

ఇదంతా పాత వైభవం తలచుకుని మురిసిపోవడానికి కాదు. ఎండాకాలం వస్తే ఐటీ కారిడార్‌లోని అద్దాల మేడల ముందు నీళ్ల ట్యాంకర్లు బారులు తీరుతున్నాయి. వానాకాలంలో అవే వీధుల్లో మోకాలి లోతు నీరు నిలుస్తోంది. నీరు వచ్చే దారినీ పోయే దారినీ మరిచిపోతే రెండు కష్టాలూ తప్పవు. తెలియనిదాన్ని ఎవరూ కాపాడరు. అందుకే ఇంటికి చేరాక పిల్లలను ఒక ప్రశ్న అడగండి: మన కుళాయిలో నీరు ఎక్కడి నుంచి వస్తోంది? వారికి తెలియకపోతే, వచ్చే సెలవుకు చూడవలసిన చోటు అదే.